గిఫ్ట్ కార్డులు కొన్నందుకు క్రెడిట్ కార్డు రివార్డు పాయింట్లు వెనక్కి లాక్కున్నారు. బ్యాంకుది న్యాయమేనా?

పాయింట్ల పరమేశం (చర్చ మొదలుపెట్టినవారు)
నిన్న స్టేట్‌మెంట్ తెరిస్తే గుండె ఆగినంత పనైంది. పోగేసుకున్న పాయింట్లలో సగానికి పైగా మైనస్‌లో చూపిస్తున్నారు. కస్టమర్ కేర్‌కి ఫోన్ చేస్తే "మీ ఖర్చుల తీరు వ్యక్తిగత వినియోగంలా లేదు సార్" అని ఒకటే ముక్క. బ్యాంకు పేరు చెప్పను, ఇంకా మెయిళ్లు నడుస్తున్నాయి. నేను చేసిందల్లా ఆ బ్యాంకు సొంత పోర్టల్లో పెట్టిన గిఫ్ట్ వోచర్లు కొనడమే. వాళ్లే అమ్మకానికి పెట్టి, వాళ్లే "ఐదు రెట్లు పాయింట్లు" అని ఊదరగొట్టి, తీరా కొన్నాక ఎందుకు కొన్నావంటే ఎలా? న్యాయం మీరే చెప్పండి.

బెజవాడ బుల్లోడు
పాయింట్లు పోతే పోయాయి అన్నా, కార్డు ఉందా?

పాయింట్ల పరమేశం
ఉంది. లిమిట్ సగానికి కోశారు.

రిటైర్డ్ మేనేజర్
పరమేశం గారూ, షరతులు చదివారా? కార్డు వ్యక్తిగత వినియోగానికి మాత్రమేనని, అలా కాదనిపిస్తే పాయింట్లు రద్దు చేసే హక్కు తమకుందని దాదాపు ప్రతి బ్యాంకూ రాసుకుంటుంది. మీరు ఒప్పుకుని సంతకం చేశారు. ఇక న్యాయం, అన్యాయం అన్న మాటే లేదు.

పాయింట్ల పరమేశం
సార్, వోచర్ కొనడం వ్యక్తిగతం కాదని ఆ షరతుల్లో ఎక్కడుందో చూపించండి. ఒక్క లైను చాలు.

రిటైర్డ్ మేనేజర్
వోచర్ అని విడిగా ఉండక్కర్లేదు. "వ్యక్తిగత" అని ఉంది. అది చాలు.

కిరాణా కొట్టు నెల్లూరు
నన్నడిగితే ఈ పాయింట్ల గోలే తీసేయాలి. నా కొట్లో కార్డు గీకితే నూటికి రెండు రూపాయల దాకా మిషన్ వాళ్లకు పోతోంది. పంచదార బస్తా మీద నాకు మిగిలేదే అంత. ఆ డబ్బే కదా మీకు పాయింట్లై, విమానాశ్రయం లాంజీలో ఫ్రీ ఇడ్లీ అయి తిరిగొచ్చేది? డెబిట్ కార్డు మీద వసూలు చేసే దానికి రిజర్వు బ్యాంకు పరిమితి పెట్టింది, క్రెడిట్ కార్డుకు అదీ లేదు. ఎవడి సొమ్ము ఎవడు తింటున్నాడో ఒకసారి ఆలోచించండి.

పాయింట్ల పరమేశం
అన్నా, నేను మీ కొట్లో గీకలేదు. ఆన్‌లైన్లో వోచర్ కొన్నా. అందులో మీ రెండు రూపాయలు ఎక్కడివి?

కిరాణా కొట్టు నెల్లూరు
నాది కాకపోతే ఇంకో కొట్టువాడిది. పడేది వ్యాపారి మీదే.

వసుధ కె.
న్యాయం సంగతి తర్వాత, ముందు లెక్క చూద్దాం. పోర్టల్లో చాలా వోచర్ల మీద ఇప్పుడు ప్రాసెసింగ్ ఫీజు ఉంది. పదివేల వోచర్ మీద రెండున్నర శాతం అనుకోండి. 250 రూపాయలు. దాని మీద 18 శాతం జీఎస్టీ 45. మొత్తం 295 చేతినుంచి పడింది. వెయ్యి పాయింట్లు వచ్చాయనుకుందాం. విమానం టికెట్‌కి వాడితే పాయింటుకు రూపాయి ఇచ్చే కార్డే, అదే పాయింటును బిల్లులో జమ చేయమంటే ముప్పై పైసలు కడుతుంది. అంటే 300. నికరంగా మిగిలింది ఐదు రూపాయలు. టీ కూడా రాదు. టికెట్లకు వాడేవాళ్లకు తప్ప ఇందులో లాభం లేదు.

పరమేశం గారిని ఒకటి అడగాలి. నెలకు ఎంత విలువైన వోచర్లు కొనేవారు?

పాయింట్ల పరమేశం
నేను టికెట్లకే వాడతానండీ. పోయినేడు అమ్మానాన్నల్ని కాశీ తీసుకెళ్లింది పాయింట్లతోనే. ముప్పై పైసల లెక్క నాకు చెప్పకండి.

సియాటిల్ శేషు
ఇక్కడ అమెరికాలో ఈ పాయింట్ల వేటను ఒక కళలా చేశారు. ప్రభుత్వ టంకశాల డాలరు నాణేలను జనంలోకి తేవాలని, పోస్టు ఖర్చు కూడా తానే పెట్టుకుని ఇంటికి పంపేది. జనం క్రెడిట్ కార్డు మీద పెట్టెలకు పెట్టెలు తెప్పించుకుని, సీలు కూడా విప్పకుండా బ్యాంకులో జమచేసి బిల్లు కట్టేసేవాళ్లు. మిగిలేవి విమాన టికెట్లకు పనికొచ్చే ఫ్రీ మైళ్లు. ఆఖరికి 2011లో కార్డులు తీసుకోవడం మానేశారు.

ఇంకోటి. అనికీవ్ అనే ఆయన కేసు 2021లో టాక్స్ కోర్టులో తేలింది. కిరాణా షాపుల్లో 5 శాతం క్యాష్‌బ్యాక్ ఇచ్చే అమెక్స్ (అమెరికన్ ఎక్స్‌ప్రెస్) కార్డు మీద, ఏ షాపులోనైనా చెల్లే వీసా గిఫ్ట్ కార్డులు కొని, వాటితో చెక్కులా చెల్లే మనీ ఆర్డర్లు తీసి, బ్యాంకులో వేసి మళ్లీ కార్డు బిల్లు కట్టేవాడు. 2013, 2014 రెండేళ్లలో మూడు లక్షల డాలర్లకు పైగా వచ్చింది. అది ఆదాయం, పన్ను కట్టమని పన్ను శాఖవాళ్లన్నారు. గిఫ్ట్ కార్డులు కొన్నందుకు వచ్చింది డిస్కౌంటు లాంటిదే, పన్ను లేదని కోర్టు చెప్పింది. నేరుగా కార్డుతో కొన్న మనీ ఆర్డర్ల మీద వచ్చిన దానికి మాత్రం కట్టమంది.

పాయింట్ల పరమేశం
చూశారా! కోర్టే డిస్కౌంటు అంది. దుకాణంవాడు ఇచ్చిన డిస్కౌంటును ఆర్నెల్ల తర్వాత ఇంటికొచ్చి లాక్కుంటాడా?

రిటైర్డ్ మేనేజర్
అది అమెరికా కోర్టు. అదీ పన్ను గురించి. ఆ బ్యాంకు పాయింట్లు వెనక్కి తీసుకోకూడదని ఎక్కడా అనలేదు. మీరు షరతు సంగతి దాటేస్తున్నారు.

బెజవాడ బుల్లోడు
మూడు లక్షల డాలర్లా?? మేం చిల్లర డబ్బుల కోసం కొట్టుకుంటున్నాం ఇక్కడ.

వసుధ కె.
శేషు గారూ, మనకు ఆ దారి లేదు. రిజర్వు బ్యాంకు 2021 నిబంధనల ప్రకారం ప్రీపెయిడ్ గిఫ్ట్ కార్డు విలువ 10,000 రూపాయలు దాటకూడదు. మళ్లీ నింపడం కుదరదు, నగదు తీయడం కుదరదు, వేరే ఖాతాకు బదిలీ కూడా కుదరదు. ఒకే కంపెనీలో చెల్లే సొంత వోచర్లు ఆ నిబంధనల కిందికి రావు కానీ, వాటినీ ఎవరూ నగదు చేసివ్వరు. అంటే కొన్నవాళ్లు వాటిని ఖర్చన్నా పెట్టాలి, ఎవరికన్నా ఇవ్వాలి. అందుకే మళ్లీ అడుగుతున్నాను. నెలకు ఎంత?

కొత్త కార్డు కుర్రాడు
అక్కా, నేను కొత్త. అమెక్స్ మెంబర్‌షిప్ రివార్డ్స్ కార్డులో 1500కు తగ్గకుండా నెలకు నాలుగుసార్లు గీకితే వెయ్యి బోనస్ పాయింట్లంటగా. అందరూ 1500 గిఫ్ట్ కార్డులు నాలుగు కొంటారట. అదీ తప్పేనా?

వసుధ కె.
అందులో తప్పేముంది? ఆరువేల రూపాయల సరుకులు ఎలాగూ కొంటావు. ముందే కొనిపెట్టుకున్నట్టు.

రిటైర్డ్ మేనేజర్
తప్పులేదంటారేంటమ్మా! ఇవాళ ఆరువేలు, రేపు అరవైవేలు. మీలాంటి వాళ్లు ప్రోత్సహించబట్టే మంచి కార్డులన్నీ పాడయ్యాయి. ఎస్‌బీఐ క్యాష్‌బ్యాక్ కార్డు 2022లో వచ్చినప్పుడు నెలకు పదివేల దాకా క్యాష్‌బ్యాక్ ఇచ్చేవారు. 2023 మేలో ఐదువేలకు దించారు. ఎవరి వల్ల?

వసుధ కె.
ఎవరి వల్లో వాళ్లేమీ చెప్పలేదు సార్. మీరు ఊహిస్తున్నారు.

రిటైర్డ్ మేనేజర్
కౌంటరు వెనక కూర్చున్నవాణ్ణి. నాకు తెలియదా? కనీస మొత్తం కట్టి బండి లాగించేవాళ్ల దగ్గర నెలకు మూడున్నర శాతం, అంటే ఏడాదికి నలభై శాతం పైన వడ్డీ వసూలు చేసి, ఆ డబ్బుతో మీ కాశీయాత్రలు చేయిస్తున్నారు. 30 శాతం మించకూడదని వినియోగదారుల కమిషన్ 2008లో ఇచ్చిన తీర్పును కూడా 2024 డిసెంబర్లో సుప్రీంకోర్టు కొట్టేసింది. నా సొంత అల్లుడు ఆ వడ్డీ ఊబిలో నాలుగేళ్లు ఉన్నాడు. మీరంతా కలిసి తెలివి అని పిలుచుకునేదాని ఖర్చు ఆ ఇంట్లో చూశాను నేను.

పాయింట్ల పరమేశం
మీ అల్లుడు బిల్లు కట్టకపోతే దానికి నేను బాధ్యుణ్ణా? నేను ఒక్క రూపాయి వడ్డీ కట్టలేదు, ఒక్క రోజు ఆలస్యం చేయలేదు. అంత బాధుంటే ఉద్యోగంలో ఉన్నప్పుడు కార్డులు అంటగట్టడం మానేయాల్సింది!

కిరాణా కొట్టు నెల్లూరు
పెద్దాయన్ని అలా అనకూడదు. మీ పాయింట్ల ఆశ అలాంటిది.

పాయింట్ల పరమేశం
అన్నా, మీరు నీతులు చెప్పకండి. "క్రెడిట్ కార్డు గీకి క్యాష్ ఇవ్వబడును" అని బోర్డులు పెట్టేది ఎవరు? రెండున్నర శాతం పట్టుకుని లేని సరుకుకు బిల్లు కొట్టేది వ్యాపారులే కదా. అప్పుడు గుర్తురాదా పంచదార బస్తా?

కిరాణా కొట్టు నెల్లూరు
నా కొట్లో ఆ బోర్డు లేదు. నోరు అదుపులో పెట్టుకో తమ్ముడూ.

వసుధ కె.
మూడోసారి అడుగుతున్నాను. నెలకు ఎంత?

పాయింట్ల పరమేశం
మూడు లక్షలు. ఒక్కో నెల నాలుగు. చాలా? ఇప్పుడు సంతోషమా? వాడుకోగా మిగిలినవి టెలిగ్రామ్ గ్రూపులో రెండు శాతం తగ్గించి అమ్మేవాణ్ణి. కొన్నవాడికి లాభం, నాకు పాయింట్లు, వెంటనే యూపీఐలో డబ్బు. ఎవరి జేబు కొట్టాను? నా వోచరు, నా ఇష్టం.

బెజవాడ బుల్లోడు
అమ్మనీ. ఇప్పుడొచ్చింది అసలు సంగతి.

రిటైర్డ్ మేనేజర్
నేను మొదటి జవాబులోనే చెప్పాను. "వ్యక్తిగత."

వసుధ కె.
మీకు బ్యాంకు మీద కోపం. మేనేజర్ గారికి మీ మీద కోపం. నా బాధ వేరే. మా తమ్ముడు ఇలాగే అమ్మాడు. కొన్నవాడు ఎవరో తెలియదు, ఒక్క గంటలో డబ్బు పడింది, వీడు కోడ్ పంపేశాడు. మూడు వారాల తర్వాత ఖాతా హోల్డ్‌లో పడింది. జీతం వచ్చే ఖాతా. ఎక్కడో వేరే రాష్ట్రంలో మోసపోయినవాళ్లు సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫిర్యాదు చేస్తే, ఆ డబ్బు చేతులు మారి మారి వీడి ఖాతా దాకా వచ్చిందని తేలింది. దొంగకు కావలసింది కూడా వోచరే. ఖాతాలో ఉంటే పట్టుకుంటారు, కోడ్‌గా మారిస్తే వస్తువు కొనేసి మాయమవుతాడు. ఆ రాష్ట్రం సైబర్ పోలీసులకు హిందీలో మెయిళ్లు రాసి రాసి, స్టేట్‌మెంట్లు పంపి, ఈఎంఐ బౌన్సై, పెళ్లి సంబంధం దగ్గర ఈ విషయం బయటపడి... అదంతా ఇప్పుడు వద్దు. రెండు శాతం తగ్గించి అమ్మడంలో ఎవరి జేబూ కొట్టలేదన్నారే, ఆ యూపీఐ డబ్బు ఎవరి జేబులోదో మీరు ఒక్కసారైనా అడిగారా?

పాయింట్ల పరమేశం
నేను తెలిసినవాళ్లకే అమ్ముతాను. గ్రూపులో పాతవాళ్లు, రేటింగ్ ఉంటుంది.

వసుధ కె.
మా తమ్ముడికి కూడా రేటింగ్ ఉంది.

ఇంకో మాట. ఏడాదిలో కార్డు బిల్లులు పది లక్షలు దాటి కడితే బ్యాంకు ఆదాయపు పన్ను శాఖకు చెప్పి తీరాలి. నెలకు మూడు లక్షలంటే మీరు నాలుగో నెలకే దాటేశారు. ఖర్చేమో ముప్పై ఆరు లక్షలు, యూపీఐలో ఊరూపేరూ తెలియనివాళ్ల నుంచి వచ్చే డబ్బు. నోటీసు వస్తే ఏ కాగితం చూపిస్తారు? టెలిగ్రామ్ చాటా?

సియాటిల్ శేషు
ఇక్కడ కూడా ఇప్పుడు చాలా షాపులు వీసా గిఫ్ట్ కార్డులకు క్రెడిట్ కార్డు తీసుకోవడం లేదు. మోసాలే కారణమంటారు.

పాయింట్ల పరమేశం
సరే, అమ్మడం గురించి మీ భయం మీది. నా ప్రశ్నకు మాత్రం ఎవరూ జవాబివ్వలేదు. అమ్మానని బ్యాంకుకు తెలియదు. వాళ్లు చూసింది కొన్నది మాత్రమే. కొన్నందుకు పాయింట్లు ఇచ్చి, ఫీజు పట్టుకుని, ఆర్నెల్ల తర్వాత పాయింట్లు తీసేసి, ఫీజు మాత్రం ఉంచుకున్నారు. 295 చొప్పున ఎన్ని పదివేలకు కట్టానో లెక్కేయండి. బ్యాంకుకు ఫిర్యాదు పెట్టాను. ముప్పై రోజులు చూసి బ్యాంకుల మీద ఫిర్యాదులు తేల్చే రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌కి వెళ్తాను.

రిటైర్డ్ మేనేజర్
వెళ్లండి. వోచర్లు దేనికి వాడారని అడిగితే ఏం రాస్తారు?

పాయింట్ల పరమేశం
అది వాళ్లు అడిగినప్పుడు చూసుకుంటా. ఫీజు వెనక్కి ఇవ్వాలా వద్దా? దానికి చెప్పండి ముందు.

కిరాణా కొట్టు నెల్లూరు
ఫీజు విషయంలో మాత్రం ఈయన మాట నిజమే. పాయింట్లు తీసేసినప్పుడు అదీ తిరిగివ్వాలి. బోర్డు మాట నేను మర్చిపోలేదు, అది వేరే.

రిటైర్డ్ మేనేజర్
ఫీజు వోచర్ ఇచ్చినందుకు. పాయింట్లకు కాదు.

కొత్త కార్డు కుర్రాడు
అక్కా, ఇంతకీ ఆ నాలుగు 1500లు ఒకేరోజు గీకినా లెక్కలోకి వస్తాయా, వేరే వేరే రోజుల్లో గీకాలా?