పబ్బులో కదిలించిన ఐరిష్ బ్లూస్ పాట ఫోనులో ఎందుకు చప్పబడింది?

ప్రశ్న: విశ్రాంత అధ్యాపకుడు, హనుమకొండ

నమస్కారం. నేను జూనియర్ కళాశాలలో ముప్పై ఏళ్లు తెలుగు చెప్పి విశ్రాంతి తీసుకున్నవాణ్ణి. పాశ్చాత్య సంగీతంలో నాకు ఓనమాలు కూడా రావు. గడచిన వేసవిలో ఐర్లాండులోని కార్క్ నగరంలో ఉద్యోగం చేస్తున్న మా అమ్మాయి దగ్గర రెండు నెలలున్నాను. ఒక శుక్రవారం సాయంత్రం ఆమె నన్ను ఒక పబ్బు వెనకగదికి పాట వినడానికి తీసుకుపోయింది. పబ్బు అనగానే మొదట మొహమాటపడ్డాను గాని, నారింజరసం గ్లాసుతో కూర్చున్నవారు ఇంకా ఇద్దరు ముగ్గురు కనిపించాక కుదుటపడ్డాను.

నలభై మందికి మించి పట్టని ఆ గదిలో, ఒక మూల, ఇరవై రెండేళ్లు దాటని అమ్మాయి లోహంతో చేసిన గిటారు పట్టుకుని ఒంటరిగా కూర్చుంది. చిటికెన వేలికి గాజు గొట్టం తొడుక్కుంది. పేరు చెప్పారు, అయితే ఐరిష్ పేర్లలో రాతకూ పలుకుకూ పొత్తు కుదరదు కాబట్టి, తప్పు రాసి ఆ పిల్లను నొప్పించడం ఇష్టం లేక ఇక్కడ రాయడం లేదు. తన పాటలు తానే రాసుకుంటుందట.

నాలుగో పాటకు ముందు ఆమె కొంచెం మాట్లాడింది. డొనెగల్ తీరంలో వాళ్ల నాన్నకు చేపల పడవ ఉండేది. బ్రిటన్ ఐరోపా సమాఖ్య నుంచి విడిపోయాక ఐర్లాండుకు చేపల కోటా తగ్గింది. 2023లో ప్రభుత్వం పరిహారమిచ్చి కొన్ని పడవలను తుక్కుకు పంపింది. అట్లా పోయిన వాటిలో వీళ్లది కూడా ఉంది. తండ్రి ఇప్పటికీ తెల్లవారుజామున లేచి రేవు దాకా నడిచి వస్తాడని పాట. ఒక మాట పాడింది, మళ్లీ అదే మాట పాడింది, మూడోసారి దానికి జవాబు లాంటి మరొక మాట పాడింది. పాటంతా ఆ మూడు పంక్తుల తీరులోనే నడిచింది. మా నాయన ఆజంజాహి మిల్లులో పనిచేసినవారు. అక్కడి పని పోయాక కూడా చాలా ఏళ్లు, సైరన్ మోగే వేళకు లేచి మంచం మీద కూర్చునేవారు. ఆ గదిలో నాకు కళ్లనీళ్లు ఆగలేదు.

ఇంటికి వచ్చాక అదే పాట, ఆమె స్టూడియోలో చేసిన రికార్డు, ఫోనులో పదిసార్లు విన్నాను. గొంతు అదే, మాటలు అవే, అయినా చప్పగా ఉంది. ఒకే మాటను రెండుసార్లు అనడం ఇప్పుడు విసుగ్గా కూడా తోస్తోంది. అయితే ఆ రాత్రి నన్ను కదిలించింది పాటేనా, లేక పరదేశంలో బిడ్డ పక్కన కూర్చున్న ముసలి తండ్రి మనసు ఏ పాటకైనా అట్లాగే కరిగేదా? తెలిసినవారు మొహమాటం లేకుండా చెప్పగలరు.

జవాబు: కాజీపేట జంక్షన్

సార్, మీరు విన్నదానిలో సగం ఆ గదిది. ఐనవోలు మల్లన్న జాతరలో ఒగ్గుకథ విన్నవారెవరూ దాన్ని క్యాసెట్టులో విని తృప్తిపడలేదు. డోలు దెబ్బ ఛాతీకి తగలాలి, ప్రధాన కథకుడు మాట విసరగానే పక్కవాళ్లు అందుకోవాలి, ఎదురుగా కూర్చున్న జనం ముఖాలు చూసి అతడు కథను సాగదీయాలి లేదా కుదించాలి. ఇవన్నీ క్యాసెట్టులో ఎక్కడినుంచి వస్తాయి? పైగా ఆ అమ్మాయి పాటకు ముందు కథ చెప్పింది. మీ ఫోను ఆ కథ చెప్పదు.

ఇంకొక్క సంగతి, కాజీపేట వాణ్ణి కాబట్టి చెప్పకుండా ఉండలేను. మీరు విన్న తీరును బ్లూస్ అంటారు, అమెరికా నల్లజాతివారి పాట అది. ఆ బ్లూస్ పాటలకు తొలిగా అచ్చురూపం ఇచ్చినవారిలో ఒకరైన డబ్ల్యు. సి. హ్యాండీ, 1903 ప్రాంతంలో మిసిసిపి రాష్ట్రంలోని టట్‌వైలర్ స్టేషనులో రైలు కోసం ఎదురుచూస్తూ, ఒక నల్లజాతి మనిషి గిటారు తంతుల మీద కత్తి ఆనించి జార్చుతూ పాడటం విన్నారట. పాడినది రెండు రైలుమార్గాలు కలుసుకునే చోటు గురించి. ఒకే పంక్తిని మూడుసార్లు. అంటే జంక్షన్ పాట అన్నమాట. మీరు చూసిన గాజు గొట్టం ఆ కత్తికి వారసురాలే.

జవాబు: గిటారు నేర్పేవాడు, నక్కలగుట్ట

పై మిత్రుని మాట కొంతవరకే నిజం. సార్‌కు పడవ కథ ఇప్పటికే తెలుసు. ఫోనులో వింటున్నప్పుడు ఆ కథను మరిచిపోయి వినడం లేదు కదా. గది లేకపోవడం ఒక్కటే కారణమైతే అన్ని పాటలూ ఇంట్లో చప్పగానే ఉండాలి. ఒకే మాట రెండుసార్లు రావడం అక్కడ విసుగనిపించక ఇక్కడ విసుగనిపించిందని సార్ రాశారు. నా దృష్టిలో అసలు ఆధారం ఆ వాక్యంలోనే ఉంది.

మీరు చెప్పిన మూడు పంక్తుల తీరు బ్లూస్‌కు మూలవిరాట్టు. ఒక్కో చరణం పన్నెండు బార్లు, ఒక్కో బారుకు నాలుగు దెబ్బలు, మొత్తం నలభై ఎనిమిది. మన లెక్కలో చెప్పాలంటే ఆదితాళం ఆరు ఆవర్తాలు, పంక్తికి రెండు చొప్పున. గాయని దాదాపు ఒక ఆవర్తం పాడుతుంది, రెండవ ఆవర్తంలో గిటారు బదులు పలుకుతుంది. ఆ సాయంత్రం ఆమె ఒంటరిగా పాడిందని మీరన్నారు గాని, నిజానికి ప్రశ్నా జవాబూ రెండూ ఆమె చేతుల్లోనే నడిచాయి.

ఇప్పుడు ముఖ్యమైన సంగతి. మొదటి పంక్తికి కింద షడ్జమం ఆధారంగా ఉంటుంది. రెండవసారి అదే మాట పాడేటప్పుడు ఆధారం మధ్యమానికి మారుతుంది. మూడో పంక్తి పంచమం మీద మొదలై మళ్లీ షడ్జమానికి దిగివస్తుంది. మాట మారలేదు, కొన్ని పాటల్లో రాగపు వరస కూడా పెద్దగా మారదు, కాని ఆ మాట నిలబడిన నేల మారింది. తండ్రి రేవుకు నడిచాడన్న వాక్యం మొదటిసారి సమాచారంలా వినిపించి, రెండవసారి బరువెక్కడానికి కారణం ఇదే. ఆ నేలను మార్చేది ఎవరనుకుంటున్నారు? ఆమె కుడిచేతి బొటనవేలు. పై తంతుల మీద మిగిలిన వేళ్లు ఏం చేస్తున్నా, బొటనవేలు మంద్రపు తంతుల మీద నడుస్తూనే ఉంటుంది.

గిటారులో అన్నిటికన్నా మంద్రపు తంతి మామూలు శ్రుతిలో సుమారు 82 హెర్ట్జ్ దగ్గర పలుకుతుంది. గాజు గొట్టంతో వాయించేవారు తంతులను వేరే శ్రుతికి దించుకుంటారు కాబట్టి తరచుగా ఇంకా కిందికే పోతుంది. అరచేతిలో పట్టే ఫోను స్పీకరుకు 200 హెర్ట్జ్ దిగువన పెద్దగా బలం ఉండదు. గొంతు వినబడుతుంది, జారు వినబడుతుంది, బొటనవేలు మాత్రం దాదాపు మాయమవుతుంది. నేల లేకుండా పాటను గాలిలో వేలాడదీసి విన్నారు సార్ మీరు. అప్పుడు ఒకే మాట రెండుసార్లు వస్తే విసుగు పుట్టక ఏమవుతుంది?

గాజు గొట్టం గురించి కూడా రెండు మాటలు. దానితో తంతిని మెట్టుకు నొక్కరు, పైపైన ఆనించి జార్చుతారు. అందువల్ల మెట్ల మధ్యనున్న స్వరాలన్నీ అందుతాయి. మన గోటువాద్యం వాయించే తీరు ఇదే. మోహన వీణతో విశ్వమోహన్ భట్ చేసేదీ ఇదే. మన చెవికి జారు పరాయిది కాదు కాబట్టి గిటారు మీకు అంత త్వరగా దగ్గరయి ఉంటుంది. ఇక ఆ లోహపు గిటారు లోపల పలుచని అల్యూమినియం శంకువు ఉంటుంది. విద్యుత్ గిటార్లు ఇంకా వాడుకలోకి రాని 1920ల చివర, బ్యాండు మోతలో కూడా గిటారు వినపడాలని అమెరికాలో దాన్ని తయారుచేశారు.

ఒక పని చేయండి. మంచి ఇయర్‌ఫోన్లు పెట్టుకుని, చేత్తో ఆదితాళం వేస్తూ వినండి. తరువాత స్టూడియో రికార్డులో డ్రమ్ములు ఉన్నాయో లేవో రాయండి. ఉంటే ఇంకొక కారణం కూడా ఉన్నట్టే.

జవాబు: కరీంనగరం వాడు, ప్రస్తుతం కార్క్

ఈ చర్చ మా ఊరి గురించే కాబట్టి (ఇప్పుడు ఇదీ మా ఊరే) కొంచెం చెబుతాను. మిసిసిపిలో పత్తిచేలలో చాకిరీ చేసిన నల్లజాతివారి సంగీతం వానల దేశపు పిల్లలకు ఎట్లా అబ్బిందని నేను కూడా వచ్చిన కొత్తలో ఆశ్చర్యపోయాను. ఇక్కడ అది నిన్నటి మోజు కాదు. బ్లూస్ గిటారుకు పేరుపడ్డ రోరీ గాలహర్ 1948లో డొనెగల్‌లోని బాలిషానన్‌లో పుట్టి కార్క్‌లో పెరిగాడు. 1963లో ఇదే ఊరిలోని ఒక దుకాణంలో అప్పు మీద కొన్న స్ట్రాటోకాస్టర్ గిటారును, చెమటకు రంగంతా రాలిపోయినా, 1995లో చనిపోయేదాకా వదలలేదు. 2024 అక్టోబరులో లండన్‌లో ఆ గిటారును వేలం వేశారు. కొన్నవారు దాన్ని ఐర్లాండు జాతీయ మ్యూజియానికే ఇస్తామన్నారు. మీరు విన్న అమ్మాయి కూడా డొనెగల్ నుంచి వచ్చి కార్క్‌లో పాడింది, అదే దారి. ఆ జిల్లాలోనే బాలిబోఫే ఊరికి చెందిన మురెన్ బ్రాడ్లీ 2006లో పుట్టింది. తండ్రి దగ్గర నేర్చుకుని, వందేళ్లనాటి బ్లూస్ పాటలను బొటనవేలి నడకతో సహా వాయిస్తుంది. ఆమె తొలి ఆల్బమ్ 2023లో వచ్చింది. పైన చెప్పిన బొటనవేలు ఏమిటో చెవికి తెలియాలంటే ఆమెతో మొదలుపెట్టడం మేలు, ఎందుకంటే అక్కడ వేరే వాద్యం అడ్డురాదు.

పరాయివారి దుఃఖాన్ని అరువు తెచ్చుకుని పాడటం గురించి నాకు అనుమానాలు లేకపోలేదు. పత్తిచేను ముఖం చూడని కుర్రాడు అమెరికా యాస పెట్టి పత్తిచేను బాధ పాడితే నేను లేచి వచ్చేస్తాను. మీ గాయని తన రేవునూ తన పడవనూ పాడింది. తీరు మాత్రమే మిసిసిపిది, సరుకు ఇంటిదే.

గిటారు మాస్టారు డ్రమ్ముల సంగతి అడిగారు. ఆయన ఏం చెప్పబోతున్నారో ఊహించగలను. ఒంటరిగా పాడేవారికి పన్నెండు బార్లే పాడాలన్న కట్టుబాటు ఉండదు. జాన్ లీ హుకర్ లాంటి పెద్దవారు మాటకు ఎంత చోటు కావాలో అంత తీసుకునేవారు. వెంట వాయించేవారే తికమకపడేవారు. బ్యాండుతో స్టూడియోలో కూర్చుంటే లెక్క కచ్చితంగా తేలాలి. ఇంకొకటి: ఇటువంటి పిల్లల రికార్డు కొనాలనుకుంటే పాట అయ్యాక వాళ్లు బల్ల మీద పెట్టి అమ్మే చోటే కొనండి. ఆ డబ్బు నేరుగా వాళ్ల చేతికి వెళ్తుంది.

జవాబు: విశ్రాంత అధ్యాపకుడు, హనుమకొండ

అందరికీ ధన్యవాదాలు. ఇయర్‌ఫోన్లతో విన్నాను. బొటనవేలు ఉంది. రెండవ పంక్తి దగ్గర నేల కదలడం నాకు తెలిసింది. తెలిశాక ఆ మాట విసుగనిపించలేదు. అయినా ఆ రాత్రి ఉన్నది ఇంకా ఏదో అందలేదు. స్టూడియో రికార్డులో డ్రమ్ములూ వయొలినూ ఉన్నాయి. తాళం వేసి చూస్తే చరణానికి ఆరు ఆవర్తాలు, ప్రతిసారీ, తు చ తప్పకుండా.

అప్పుడు మా అమ్మాయికి ఫోను చేస్తే, ఆ సాయంత్రం తన ఫోనులో తీసిన చిన్న వీడియో ఉందని పంపింది. ఒక్క చరణమూ, తరువాతి చరణపు మొదలూ మాత్రమే ఉన్నాయి. ఎవరిదో గ్లాసు చప్పుడు మధ్యలో. అరుగు మీద కూర్చుని తాళం వేశాను. రెండవ పంక్తి దాకా సరిగ్గానే నడిచింది. ఆమె ఆ మాట రెండోసారి పాడి, గిటారు బదులు కూడా అయిపోయాక, మూడో పంక్తి ఎత్తుకోలేదు. బొటనవేలు ఒక్కటే నాలుగు దెబ్బలు నడిచింది. ఆ తరువాత పాడింది. దానితో నా తాళం తలకిందులై, కొత్త చరణం ఎత్తుగడ అరావర్తం దగ్గర పడింది. పొరపాటు నాదేనేమోనని మూడుసార్లు లెక్కపెట్టాను. నాలుగు దెబ్బలు ఎక్కువే.