మెన్షియస్‌లో ‘షిన్’: మనసా, గుండెనా?

పాతసిరా:
ప్రాచీన చైనా తత్వవేత్త మెన్షియస్ పేరిట ఉన్న గ్రంథంలో ఆరో పుస్తకం మొదటి భాగాన్ని తెలుగు చేస్తున్నాను. ‘షిన్’ అన్న మాట అడుగడుగునా వస్తోంది. గుండె అనే అవయవానికీ అదే మాట, ఆలోచించేదానికీ అదే మాట. ఇంగ్లీషువాళ్లలా ‘గుండె-మనసు’ అని అతికిస్తే చదవడానికి పంటికింద రాయిలా ఉంది. పైగా ప్రాచీన చైనాలో మనసు వేరు, ఒళ్లు వేరు అన్న ఆలోచనే లేదంటారు. అలాంటప్పుడు ‘మనసు’ అని రాయడం తప్పవుతుందా?

మూలపాఠం:
ఆ మాట పూర్తిగా నమ్మకండి. మీ భాగంలోనే 15వ ఖండిక చూడండి. అందరూ మనుషులే అయినప్పుడు కొందరు గొప్పవాళ్లు, కొందరు అల్పులు ఎందుకవుతారని శిష్యుడు గోంగ్‌దూ అడుగుతాడు. కళ్లూ చెవులూ ఆలోచించవు, అందుకే వస్తువులు వాటిని లాగేస్తాయి, ఆలోచించడం షిన్ పని అని మెన్షియస్ జవాబు. తేడా చూపించడానికే చెప్పిన మాట ఇది. అక్కడ ‘గుండె’ అని రాస్తే వాక్యం తేలిపోతుంది.

అయితే మనసూ దేహమూ పూర్తిగా వేరన్న ఫ్రెంచి తత్వవేత్త డేకార్ట్ చెప్పినంత చీలికా కాదు. అక్కడ ‘పని’ అన్న మాటకి మూలం ‘గువాన్’, అంటే అధికారి, అతని కొలువు. కన్ను, చెవి, షిన్ మూడూ ఒకే ఒంట్లో కొలువున్న అధికారులే. షిన్‌ని ‘పెద్ద భాగం’ అనీ, ఇంద్రియాలను ‘చిన్న భాగం’ అనీ అన్నప్పుడు రెండుచోట్లా ఉన్నది ‘తీ’, అంటే దేహం, అవయవం. షున్‌జీ అనే తర్వాతి తత్వవేత్త ఇంకో అడుగు వేసి షిన్‌ని దేహానికి రాజు అన్నాడు: ఆజ్ఞలిస్తుంది, తీసుకోదు.

‘మనసు’ నిక్షేపంగా సరిపోతుంది. మన దర్శనాల్లోనూ మనస్సు లోపలి ఇంద్రియమే. తెలుగులో మనసు అనుకుంటుంది, కరుగుతుంది కూడా. బావిలో పడబోయే పసిపిల్లను చూసి ఉలిక్కిపడే షిన్‌కీ అదే మాట చాలు. ‘గుండె’ని హువాంగ్‌దీ నేజింగ్ లాంటి వైద్యగ్రంథాలకు ఉంచుకోండి. అక్కడ ఊపిరితిత్తులు, కాలేయం పక్కన కూర్చునే అవయవం అది.

గోరువంక:
లెక్క కట్టి చూసినవాళ్లూ ఉన్నారు. 2011లో పరిశోధకులు స్లింగర్‌లాండ్, చుడెక్ చిన్ సామ్రాజ్యానికి ముందరి గ్రంథాల్లో షిన్ వచ్చే 620 ఖండికలు తీసుకుని, ముగ్గురి చేత విడివిడిగా గుర్తులు పెట్టించారు. కాలం గడిచేకొద్దీ షిన్‌కి ఉద్వేగంతో ముడి తగ్గి, ఆలోచనతో ముడి పెరిగిందని తేలింది. నాకు ఒక అభ్యంతరం ఉంది: ఆ గ్రంథాల్లో పాతవాటిలో పాటల సంకలనం ఉంది. పాటల్లో దుఃఖం ఎక్కువ ఉండక ఏముంటుంది? కాలం తేడా ఎంతో, ప్రక్రియ తేడా ఎంతో విడదీసి చూడాలి.

మీరూ ఒక పట్టిక వేసుకోండి. వాక్యానికో వరుస. గడులు నాలుగు: దేహాన్ని చెప్పే మాటతో పోటీ పెట్టారా, ఉద్వేగమా, ఆలోచనా, అవయవమా. ఒకే వాక్యానికి రెండు గుర్తులు పడొచ్చు. ఇంకొకరి చేత మీ గుర్తులు చూపించకుండా పెట్టించండి. ఇద్దరికీ పొసగనిచోటే పాదసూచిక రాయాలి.

ఎక్కువగా దెబ్బ తగిలేది ‘షెన్’ దగ్గర. చైనా భాషలో పలికే స్వరం మారితే మాటే మారిపోతుంది. మొదటి స్వరంలో షెన్ అంటే ఒళ్లు, ‘తాను’ అని కూడా. ‘షెన్‌ని దిద్దుకోవడం’ అంటే నడత దిద్దుకోవడమే. దాన్ని దేహం గడిలో వేస్తే లేని ద్వైతం పుట్టుకొస్తుంది. రెండో స్వరంలో షెన్ అంటే దైవం, చైతన్యం. తెలుగు లిపిలో రెండూ ఒకేలా కనబడతాయి. నాలుగో స్వరంలో ‘షిన్’ నమ్మకం అయిపోతుంది. అందుకని షెన్1, షెన్2 అని అంకె తగిలించండి.

జ్వాంగ్‌జీ అనే దావో తత్వగ్రంథంలోని వంటవాడు దింగ్ విషయంలో ఈ అంకె బాగా అవసరం. 19 ఏళ్లుగా ఒకే కత్తితో ఎద్దులు కోస్తున్నా అంచు అరగలేదు, షెన్2తో కలుసుకుంటాను, కళ్లతో చూడను అంటాడు. శరీరమే ఆలోచిస్తుందనడానికి దీన్ని సాక్ష్యం తెస్తారు గానీ, ఆ వాక్యమే ఇంద్రియాలను ఆపి షెన్2ని నడిపిస్తోంది.

పాతసిరా:
కృతజ్ఞతలు. ఇలా మార్చాను: ‘కంటికీ చెవికీ ఆలోచించే కొలువు లేదు, వస్తువుల మాయలో పడతాయి. ఆ కొలువు మనసుది. ఆలోచిస్తే అందుతుంది, లేకపోతే అందదు.’

మూలపాఠం:
‘మాయ’ తీసేయండి, వేదాంతం వాసన వస్తుంది. మూలంలో ఉన్నది ‘కప్పడం’. ‘వస్తువులు వాటిని కమ్మేస్తాయి’ అనండి.