ఉత్ప్రేరకం ‘చర్యలో పాల్గొనదు’ అనవచ్చా?

హన్మకొండ నుంచి:

ఉత్ప్రేరకం అంటే ఏమిటని ఏ టెన్త్ పిల్లవాడిని అడిగినా ‘చర్యలో తాను పాల్గొనకుండా చర్య వేగాన్ని మార్చే పదార్థం’ అని గడగడా చెప్పేస్తాడు. ఉత్ప్రేరకం అన్న పదంతో నాకు పేచీ లేదు. ప్రేరణ ఇచ్చేది అని చక్కగా అర్థమవుతుంది. నా అభ్యంతరమంతా ‘పాల్గొనకుండా’ అన్న ఒక్క మాట మీదే. ఆ మాట పిల్లలకు రసాయనశాస్త్రాన్ని తలకిందులుగా నేర్పుతోంది.

మన రామగుండం ఎరువుల కర్మాగారం సంగతే తీసుకోండి. అక్కడ యూరియాకు ముందు అమ్మోనియా తయారవ్వాలి, అంటే నైట్రోజన్, హైడ్రోజన్ కలవాలి. గాలిలో 78 శాతం నైట్రోజనే ఉన్నా అది దేనితోనూ సులువుగా కలవదు. దాని రెండు పరమాణువుల మధ్య ఉన్నది త్రిబంధం. ఒక మోల్ నైట్రోజన్‌లో ఆ బంధాలను తెంచడానికి సుమారు 945 కిలోజౌళ్లు కావాలి. జర్మన్ రసాయన శాస్త్రవేత్త ఫ్రిట్జ్ హాబర్ 1909లో ఆస్మియం అనే అరుదైన లోహం వాడి అమ్మోనియా తీసి చూపించాడు. తర్వాత కార్ల్ బాష్, ఆల్విన్ మిట్టాష్ బృందం వేల పదార్థాలు పరీక్షించి, చౌకగా దొరికే ఇనుము దగ్గర ఆగింది. ఆ ఇనుములో కొద్దిగా అల్యూమినా, పొటాష్ కలిపారు. 1913లో జర్మనీలోని ఒప్పావ్‌లో కర్మాగారం మొదలైంది. ఇప్పటికీ ఎక్కువ ప్లాంట్లలో పని చేసేది ఇనుమే. 400 నుంచి 500 డిగ్రీల వేడి, మామూలు గాలి పీడనానికి వంద రెట్లకు పైగా పీడనం ఉంటాయి.

ఇంతకూ ఇనుము చేసేదేమిటి? నైట్రోజన్ అణువు వచ్చి ఇనుము ఉపరితలం మీద ఆనుతుంది. ఇనుము తన ఎలక్ట్రాన్లలో కొంత దానికి అందిస్తుంది. ఆ ఎలక్ట్రాన్లు చేరేకొద్దీ త్రిబంధం సడలి, చివరికి తెగిపోతుంది. విడిపోయిన ఒక్కో నైట్రోజన్ పరమాణువు ఇనుముతోనే బంధం కట్టుకుంటుంది. హైడ్రోజన్ కూడా ఇలాగే రెండుగా విడిపోతుంది, దానికి అంత కష్టం లేదు. ఇక నైట్రోజన్‌కు ఒక హైడ్రోజన్, రెండోది, మూడోది వరుసగా చేరి అమ్మోనియా అవుతుంది. అది పైకి లేచి వెళ్లిపోయాక ఇనుము మళ్లీ ఖాళీ అవుతుంది. ఈ మెట్లన్నింటిలో చాలా నెమ్మదైనది నైట్రోజన్ తెగడమేనని జర్మన్ శాస్త్రవేత్త గెర్హార్డ్ ఎర్టల్ నిరూపించాడు. ఉపరితలాల మీద జరిగే చర్యలపై చేసిన కృషికి ఆయనకు 2007లో నోబెల్ వచ్చింది.

ఎలక్ట్రాన్లు ఇచ్చి, బంధం తెంచి, ముక్కలను తన మీద మోసిన ఇనుము పాల్గొనలేదని ఎలా అంటాం?

కరీంనగర్ నుంచి:

సార్, వ్యాకరణం వైపు నుంచి ఒక మాట. పాలు అంటే వాటా. పాలు + కొను = పాల్గొను. వాటా తీసుకోవడం అన్నమాట. అమ్మోనియాలో ఇనుముకు వాటా లేదు కదా? ఆ లెక్కన నిర్వచనం సరైనదే.

హన్మకొండ నుంచి:

మంచి పాయింట్ పట్టుకున్నావు తమ్ముడూ, వ్యుత్పత్తి నువ్వు చెప్పిందే. కానీ ‘సభలో పాల్గొన్నాను’ అన్నప్పుడు ఎవరూ వాటా గురించి అనుకోరు, అక్కడ ఉండి పని చేశావనే అనుకుంటారు. పిల్లవాడికి చేరేదీ ఆ అర్థమే. అప్పుడు తర్వాతి పాఠాలు వాడికి అంతుపట్టవు. ఇనుప స్ఫటికంలో పరమాణువులు ఎడంగా ఉన్న ముఖం మీద అమ్మోనియా వేగంగా తయారవుతుంది. కిక్కిరిసిన ముఖం మీద అంతకంటే వందల రెట్లు నెమ్మదిగా తయారవుతుంది. గంధకం, కార్బన్ మోనాక్సైడ్ లాంటివి తగిలితే ఇనుము పని మందగిస్తుంది. మన పుస్తకాల్లో వాటిని ఉత్ప్రేరక విషాలు అంటారు. చర్యలో పాల్గొనని దానికి ఏ ముఖమైతేనేం, విషం తగిలితేనేం?

అధిశోషణం అన్న పదం గురించి కూడా ఒక మాట. నైట్రోజన్ ఇనుము మీద ఆనినట్టు, ఒక పదార్థం మరోదాని ఉపరితలం మీద చేరడాన్ని పుస్తకాల్లో అలా అంటారు. ఇలాంటి పారిభాషిక పదాలను కాలేజీ పుస్తకాల్లోకి తేవడంలో 1968లో ఏర్పడిన తెలుగు అకాడమీ కృషి చాలా ఉంది. దానికి తొలి అధ్యక్షుడు మన ఉమ్మడి వరంగల్ జిల్లాలో పుట్టిన పి.వి.నరసింహారావు గారే. ఆ పదాన్ని ఉంచుదాం. క్లాసులో మాత్రం ‘పైన అంటుకోవడం’ అని మొదలుపెట్టి, రసాయన అధిశోషణం దగ్గరికి వచ్చేసరికి ‘పైన బంధం కట్టుకోవడం’ అని చెప్పాలి. ‘అంటుకోవడం’ దగ్గరే ఆగితే ఇనుము చేసే అసలు పని కనిపించదు.

గోదావరిఖని నుంచి:

నమస్తే సార్. ఉత్ప్రేరకం పెండ్లి కుదిర్చే పెద్దమనిషి లాంటిదని మా పిల్లలకు నేను చెప్తుంటా. అది తప్పంటారా? ఇంకోటి, ప్లాంట్లలో కేటలిస్ట్‌ను కొన్నేండ్లకు మారుస్తారు. మరి అది ‘మార్పు చెందదు’ అని కూడా పుస్తకాల్లో ఎట్ల రాస్తారు?

హన్మకొండ నుంచి:

పెద్దమనిషి ఇద్దరిని కలుపుతాడు అన్నా. ఇనుము చేసే పనిలో కష్టమైనది కలపడం కాదు, ముందు విడదీయడం. పైగా దాని పట్టు మరీ గట్టిగా ఉండకూడదు, మరీ వదులుగానూ ఉండకూడదు. గట్టిగా పట్టే లోహం మీద నైట్రోజన్ కదలకుండా కూర్చుని చోటంతా ఆక్రమిస్తుంది. వదులుగా పట్టే లోహం మీద బంధమే తెగదు. ఇనుము, రుథీనియం అనే మరో లోహం ఈ రెంటికీ మధ్యలో ఉన్నాయి కాబట్టే పనికొచ్చాయి.

మీ రెండో ప్రశ్న నాకు ఎక్కువ నచ్చింది. ఏళ్ల తరబడి ఆ వేడిలో ఉంటే ఇనుము రేణువులు ఒకదానితో ఒకటి కలిసి పెద్దవవుతాయి, పని చేసే ఉపరితలం తగ్గిపోతుంది. విషాలు కూడా కొంత చేరతాయి. అందుకని ‘మార్పు చెందకుండా’ అన్న మాట కూడా తీసేద్దాం. ‘చర్యలో పాల్గొని వేగం పెంచుతూ, ఆ చర్యలో తాను ఖర్చయిపోని పదార్థం’ అని రాస్తే ఎలా ఉంటుంది? ‘ఖర్చయిపోని’ బదులు ఇంకా మంచి తెలుగు మాట తోస్తే చెప్పండి. ‘వ్యయం కాని’ అన్నది మాత్రం నాకు బరువుగా అనిపిస్తోంది.