ఐఈఎల్‌టీఎస్ రైటింగ్ 6 దగ్గరే ఆగిపోతోంది, టాస్క్ 2లో ఏం మార్చాలి?

ప్రశ్న: మల్లెతీగ

యూకేలో నర్సు రిజిస్ట్రేషన్‌కి ఐఈఎల్‌టీఎస్ అకడమిక్ అనే ఇంగ్లీషు పరీక్ష రాస్తున్నాను. వినడం, చదవడం, మాట్లాడటం మూడింట్లో 7 వస్తోంది. రైటింగ్‌లో 6.5 కావాలి, 6 దాటడం లేదు. టాస్క్ 2, అంటే వ్యాసం, దాదాపు 330 పదాలు రాస్తాను. మొదటి పేరా, చివరి పేరా కోచింగ్‌లో బట్టీ పట్టించినవే. 'మోర్ఓవర్', 'ఫర్దర్‌మోర్' లాంటివి ప్రతి పేరాలోనూ ఉంటాయి.

ఉదాహరణకి ఒక ప్రాక్టీస్ ప్రశ్న: నగరాల్లో ప్రజా రవాణా అందరికీ ఉచితంగా ఇవ్వాలి, మీరు ఎంతవరకు ఏకీభవిస్తారు? దీనికి ఒకే పేరాలో కాలుష్యం తగ్గుతుంది, ట్రాఫిక్ తగ్గుతుంది, పేదలకు డబ్బు మిగులుతుంది, ప్రమాదాలు తగ్గుతాయి అని నాలుగు పాయింట్లు రాశాను. ఇందులో తప్పేంటి? పెద్ద పెద్ద పదాలు నేర్చుకోవాలా?

జవాబు 1: కాగితంపడవ

పదాల సంగతి తర్వాత చూద్దామండి. ముందు ఆ నాలుగు పాయింట్ల పేరా చూడండి. ఒక్కోదానికి ఒక వాక్యం దక్కింది, ఏదీ నిరూపణ కాలేదు. ఎగ్జామినర్ పాయింట్లు లెక్కపెట్టరు, ఒక మాట అని దాన్ని ఎంత దూరం తీసుకెళ్లారో చూస్తారు. పేరాకి ఒకే పాయింట్ పెట్టుకోండి. రాసిన ప్రతి వాక్యాన్నీ 'ఎలా?', 'అయితే ఏమవుతుంది?' అని నిలదీయండి.

టికెట్ తీసేస్తే ట్రాఫిక్ తగ్గుతుంది అన్నారు. ఎలా? బండి ఉన్నవాడు బస్సు ఎక్కనిది చార్జీకి భయపడి కాదు, బస్సు వేళకి రాదని. కాబట్టి ఉచితం చేసినంత మాత్రాన బండ్లు తగ్గవు, బస్సులు పెంచాలి. మరి ఉచితం వల్ల నిజంగా లాభపడేది ఎవరు? రోజూ చార్జీ పెట్టుకుని పనికి వెళ్లే తక్కువ ఆదాయం వాళ్లు. చూశారా, మీ అభిప్రాయం ఇక్కడే తేలిపోయింది: పేదలకు ఉచితం సరే, అందరికీ అనవసరం, ఆ డబ్బుతో బస్సులు కొనాలి. ఇదే మాట మొదటి పేరాలో సూటిగా ఉండాలి, రెండు బాడీ పేరాలూ దాన్నే మోయాలి, చివర్లోనూ అదే ఉండాలి. మొదట 'పూర్తిగా ఏకీభవిస్తాను' అని, చివర్లో 'రెండు వైపులా మంచీచెడూ ఉన్నాయి' అంటే టాస్క్ రెస్పాన్స్‌లో, అంటే ప్రశ్నకి సరిగ్గా జవాబిచ్చారా అని చూసేదాంట్లో, దెబ్బ పడుతుంది.

ఉదాహరణకి లేని హార్వర్డ్ సర్వేలు పుట్టించకండి, చదవగానే తెలిసిపోతుంది. తెలంగాణలో 2023 డిసెంబర్ నుంచి ఆర్టీసీ బస్సుల్లో మహిళలకి ఉచిత ప్రయాణం ఉంది. అదొక్కటి రెండు వాక్యాల్లో చెబితే చాలు.

టెంప్లేట్ పూర్తిగా తీసేయండి. 'ఇన్ దిస్ మోడ్రన్ ఎరా, ఇట్ ఈజ్ ఎ హైలీ డిబేటెడ్ టాపిక్' అనేది ఏ ప్రశ్నకైనా అతుకుతుంది, అందుకే దానికి విలువ లేదు.

మార్కుల లెక్క కూడా తెలిసి ఉంటే మంచిది. టాస్క్ రెస్పాన్స్, కొహీరెన్స్ అండ్ కొహీషన్ (ఆలోచనల వరస, వాక్యాల అతుకు), పదజాలం, వ్యాకరణం, నాలుగింటికీ సమాన వాటా. నాలుగూ 6 ఉన్నచోట రెండు 7కి వెళితే సగటు 6.5. పైగా టాస్క్ 2కి టాస్క్ 1 (గ్రాఫ్ లాంటిదాన్ని వివరించేది) కంటే రెట్టింపు బరువు. కాబట్టి నాలుగూ ఒకేసారి బాగుచేయక్కర్లేదు. మీకు అందేవి టాస్క్ రెస్పాన్స్, వ్యాకరణం అనిపిస్తోంది.

జవాబు 2: చిలకపచ్చ

వ్యాకరణం సంగతి నేను చెబుతాను. బ్యాండ్ 7కి, అంటే 7 స్కోరుకి, తప్పు లేని వాక్యాలు తరచుగా కనబడాలి. వాక్యం ఎంత గొప్పగా ఉన్నా ఒక్క 'ది' ఎగిరిపోతే అది తప్పున్న వాక్యమే. పాత వ్యాసం ఒకటి తీసి వాక్యాలకి నంబర్లు వేయండి, తప్పు లేనివాటికి టిక్ పెట్టండి. సగం కూడా రాకపోతే కొత్త పదాల జోలికి వెళ్లకండి.

మన వాళ్ల వ్యాసాల్లో పదే పదే దొరికేవి ఇవీ:

'ఎ', 'ది' మరిచిపోవడం, లేదా 'ది సొసైటీ', 'ది నేచర్' అని అవసరం లేనిచోట పెట్టడం. 'దో' అని మొదలుపెట్టి మధ్యలో మళ్లీ 'బట్'. 'డిస్కస్ అబౌట్'. 'కెన్ ఏబుల్ టు'. 'ఎక్విప్‌మెంట్స్', 'ఇన్ఫర్మేషన్స్'. 'వన్ ఆఫ్ ది రీజన్' అని ఏకవచనం. 'ది నంబర్ ఆఫ్ పీపుల్ ఆర్'.

ఇంకోటి, మనం 'వెళ్లి, చూసి, మాట్లాడి' అని ఎంత పొడుగైనా లాగగలం. అదే అలవాటుతో ఇంగ్లీషులో కామాలు పెట్టుకుంటూ పోతే నాలుగు లైన్ల వాక్యం తయారవుతుంది, క్రియ ఎవరిదో తెలియదు. ఒక ప్రధాన వాక్యం, దానికి ఒక 'విచ్' లేదా 'బికాజ్', అక్కడితో ఫుల్‌స్టాప్.

చివర్లో సరిచూసేటప్పుడు అన్నీ ఒకేసారి వెతికితే ఏదీ దొరకదు. ఒకసారి క్రియలు మాత్రమే, రెండోసారి 'ఎ, ది'లు, మూడోసారి బహువచనాలు. కంప్యూటర్‌లో రాస్తే స్క్రీన్ మీద పదాల లెక్క కనిపిస్తుంది, స్పెల్ చెక్ మాత్రం ఉండదు. ఇంట్లో కూడా స్పెల్ చెక్ ఆపేసే టైప్ చేయండి.

జవాబు 3: గోదారిగట్టు

పై ఇద్దరూ టైమ్ గురించి చెప్పలేదు. 330 పదాలు ఎందుకండీ? కనీసం 250 అడుగుతారు, 270–290 చాలు. మిగిలిన నిమిషాలే మీ సరిచూసే టైమ్. 40 నిమిషాల్లో ఆలోచనకి 6, రాయడానికి 28, చదువుకోడానికి 6. ఆలోచన లేకుండా పెన్ను పెడితే రెండో పేరా మధ్యలో అభిప్రాయం మారిపోతుంది, 'కాగితంపడవ' గారు చెప్పిన దెబ్బ అక్కడే తగులుతుంది.

నా మాటైతే టాస్క్ 2 ముందు రాయండి. టాస్క్ 1 గ్రాఫ్ మీద 28 నిమిషాలు పోగొట్టుకుని బరువైనదాన్ని ఆదరాబాదరాగా ముగించేవాళ్లే ఎక్కువ.

'మోర్ఓవర్'ల విషయానికి ఒక పరీక్ష: పేరాలో అన్నీ కొట్టేసి చదవండి. వాక్యాలు ఇంకా అతుక్కుని ఉంటే రాత బాగుంది, రెండు మూడు వెనక్కి పెట్టుకోవచ్చు. విడిపోతే లోపం ఆలోచనలో ఉంది. 'దిస్ పాలసీ', 'సచ్ ప్యాసింజర్స్' అని ముందు వాక్యాన్ని పట్టుకునే మాటలు వాడితే సహజంగా ఉంటుంది.

మల్లెతీగ

ధన్యవాదాలండి. రోజుకొక వ్యాసం రాస్తే సరిపోతుందా?

చిలకపచ్చ

రోజుకొకటి వద్దండి, అవే తప్పులు గట్టిపడతాయి. వారానికి రెండు చాలు. మొదటి రోజు గడియారం పెట్టుకుని రాయండి, రెండో రోజు దిద్దండి, మూడో రోజు పాతది చూడకుండా అదే ప్రశ్నకి మళ్లీ రాయండి. దిద్దిన తప్పుల్లో ఏవి తిరిగొచ్చాయో చూసి నోట్‌బుక్‌లో ఎక్కించండి. పరీక్ష రోజు మీరు వెతకాల్సిన జాబితా అదే.