స్లాబ్ పోసేవాళ్ల ముఖాలు నల్లగా వస్తున్నాయి, ఏం చేయాలి?

ప్రశ్న (విశాఖపట్నం మధురవాడ నుంచి):
మా సందు చివర అయిదంతస్తుల అపార్ట్‌మెంట్ లేస్తోంది. మేస్త్రీ సరేనన్నాడు, మూడు ఆదివారాలుగా పాత డీఎస్ఎల్ఆర్, 50 ఎంఎం లెన్స్ పట్టుకుని వెళ్తున్నాను. కాంక్రీట్ కలిపే మిల్లర్ తిరగడం, సెంట్రింగ్ కర్రలు, చుట్టకుదురు మీద కంకర తట్టలు, అన్నీ బాగానే పడుతున్నాయి. మనుషులు మాత్రం ఆకాశం ముందు నల్లబొమ్మల్లా వస్తున్నారు. ఫ్రెండ్స్ "సిల్హౌట్ అదిరింది" అంటున్నారు. నాకు చిరాగ్గా ఉంది. పైగా మొన్న తట్ట మోసే ఆవిడ "ఏటి బాబూ, మా ఫొటోలు అట్టుకెళ్లి ఏటి సేస్తావు?" అంది. నీళ్లు నమిలాను.

జవాబు 1:
కెమెరా ఆకాశం వెలుగు చూసి మొత్తం తగ్గించేస్తోంది. స్పాట్ మీటరింగ్ (ఒక్క చోటి వెలుగునే కొలిచే సెట్టింగ్) ముఖం మీద పెట్టండి, ఆకాశం తెల్లగా పోతే పోనివ్వండి. మన దగ్గర ఎండ సముద్రం వైపు నుంచి వస్తుంది కదా, పొద్దున్నే సముద్రానికి వీపు పెట్టి నిలబడండి. ఎండిన ఇసుక కుప్ప పక్కనైతే కింద నుంచి కూడా ముఖానికి వెలుగు తగులుతుంది.

జవాబు 2:
అమెరికన్ ఫొటోగ్రాఫర్ లూయిస్ హైన్ ఫొటోలు వెతికి చూడండి. 1930-31లో న్యూయార్క్‌లో ఎంపైర్ స్టేట్ భవనం కడుతుంటే, యాభై దాటిన వయసులో కూలీలతో పాటే పైకెక్కి తీశాడు. అంతకుముందు మిల్లుల్లో పనిచేసే పిల్లల్ని తీసినప్పుడు పేరు, వయసు రాసుకునేవాడు. ఎత్తుని తన కోటు గుండీలతో కొలిచేవాడట! మీరు ఆవిడ పేరు అడిగారా?

జవాబు 3 (గాజువాక):
నేను ముప్పై ఏళ్లు వెల్డింగ్ చేశాను. పనిలో ఉన్న ఫొటో ఒక్కటే ఉంది, అందులో ముఖానికి షీల్డ్. అది నేనేనంటే మా మనవడు నమ్మడు. టీ తాగేటప్పుడు కూడా తీయండి బాబూ. తీసినవి ప్రింట్ వేయించి చేతికివ్వండి, ఫోన్లో చూపిస్తే చాలదు. అన్నట్టు, నేవీ గోడల వైపు మాత్రం కెమెరా ఎత్తకండి.

ప్రశ్న అడిగినవారు:
ఆదివారం ఆరున్నరకే వెళ్లాను. ముఖాలు వచ్చాయి, ఆకాశం పోయింది. ఆవిడ పేరు అడిగి రాసుకున్నాను. నిన్న ప్రింట్ ఇస్తే కొంగుతో తుడుచుకుని చూసి, "నా పక్కనున్న పిల్లని కోసేసినావేటి?" అంది. ఫ్రేమ్ బాగుండాలని నేనే క్రాప్ చేశాను. ఒరిజినల్ ఉంది, రేపు మళ్లీ ప్రింట్ వేయించాలి.