సూరినామ్ వెళ్లొచ్చినవాళ్లు ఎవరైనా ఉన్నారా? నది మీద ఎన్ని రోజులు ఉండాలి?

రాజాం కుర్రాడు:
అందరికీ నమస్కారం. నేనూ నా ఫ్రెండూ అక్టోబరులో సూరినామ్ వెళ్దామనుకుంటున్నాం, అదే, దక్షిణ అమెరికాలో గయానా పక్కనుండే చిన్న దేశం. ఇంట్లో చెప్తే అదెక్కడుందిరా అన్నారు, మ్యాపు తెరిచి చూపించాను. చేతిలో పది రోజులున్నాయి. అక్కడ వాడే డచ్చి భాష రాదు, ఇంగ్లీషూ కాస్త హిందీ వచ్చు. రాజధాని పరమరిబోలో ఎన్ని రోజులుండాలి, అడవిలో ఎన్ని రోజులుండాలి? మావాడు మాంసం ముట్టడు, వాడి తిండి ఎలా? అమ్మకి పాములు, జ్వరాలు అని ఒకటే టెన్షన్.

కవిటి సీమేన్:
తమ్ముడూ, ఓడ మీద పనిచేసినప్పుడు 2011లో అల్యూమినా (అల్యూమినియం తయారీకి వాడే పొడి) లోడింగుకి వెళ్లాం. సముద్రం వదిలి ఓడ సూరినామ్ నదిలోకి తిరిగాక రెండు ఒడ్డులా పచ్చగా అడవే. దేశంలో నూటికి తొంభై వంతులకి పైగా అడవేనట, చూస్తే నమ్మబుద్ధేసింది. ఊళ్లో ఒక వీధిలో యూదుల గుడీ మసీదూ పక్కపక్కనే ఉంటాయి, తప్పకుండా చూడు. తిండికి దిగులొద్దు. 1873లో లల్లా రూఖ్ అనే ఓడలో కలకత్తా నుంచి మనోళ్లని కూలికి తీసుకెళ్లారు, 1916 దాకా అలా దాదాపు 34 వేల మంది వెళ్లారు. వాళ్ల మనవలు పెట్టిన రోటీ కొట్లు ప్రతి వీధిలోనూ ఉన్నాయి. రొట్టెలో బంగాళాదుంప కూర, పొడుగు అలసంద కాయల వేపుడు పెట్టి ఇస్తారు. కూరగాయల కొట్లో ఒక ముసలామె నా హిందీ విని చెయ్యి పట్టుకుని, మా తాత వాళ్లది ఏ ఊరో మాకు తెలీదు బాబూ, నువ్వేమైనా చెప్పగలవా అని అడిగింది. ఏం చెప్పాలో తెలీక అలా నిలబడిపోయాను. మన బర్మా వెళ్లినవాళ్లు గుర్తొచ్చారు.

విజయనగరం అమ్మాయి, ఆమ్‌స్టర్‌డామ్:
కవిటి అన్నయ్య చెప్పినట్టు తిండికి ఇబ్బంది లేదు, జావా వాళ్ల నూడుల్స్ కూడా దొరుకుతాయి, 1890 నుంచి వాళ్లనీ తీసుకొచ్చారు కదా. నేను మా ఆఫీసులో ఒక సూరినామ్ అమ్మాయితో వాళ్ల ఊరికెళ్లాను. రాజాం తమ్ముడూ, నా మాట విని ఊళ్లో రెండు రోజులు చాలనుకో, నాలుగైదు రాత్రులు మాత్రం నది పైభాగానికే ఇవ్వు. అట్జోని అనే చోట రోడ్డు అయిపోతుంది, అక్కడి నుంచి పొడుగాటి చెక్క పడవలే. అక్టోబరు ఎండాకాలం, వాన తగ్గి నీళ్లు తగ్గిపోతాయి, రాళ్లు పైకి తేలతాయి. పడవ ముందు ఒకతను పొడవాటి గెడ పట్టుకుని నిలబడి ఒక్క మాట మాట్లాడకుండా నీళ్ల వంక చూస్తూ ఉంటాడు, వెనకున్న ఇంజనతనికి వేలు మాత్రం ఇటూ అటూ ఊపుతాడు. రెండు రాళ్ల మధ్య నుంచి పడవ జారిపోతుంటే పక్కనున్న పిల్లలు చేతులు నీళ్లలో పెట్టి ఆడుకుంటున్నారు, నేనే ఊపిరి బిగబట్టాను.

ఆ నది ఒడ్డున ఉండే ఊళ్లు సారమక్కా వాళ్లవి. బానిసత్వం నుంచి అడవిలోకి పారిపోయి, డచ్చి వాళ్లతో పోరాడి, 1762లో సంధి రాయించుకున్నవాళ్ల వారసులు వాళ్లు. అడక్కుండా ఫోటోలు తీయకు, ముఖ్యంగా వాళ్ల పూజాస్థలాల దగ్గర. ఊరి పెద్దని ముందు కలవాలి.

ఇంకో విషయం, ఇది మర్చిపోతే తిరుగు ప్రయాణంలో ఇబ్బంది. యెల్లో ఫీవర్ టీకా ప్రయాణానికి కనీసం పది రోజుల ముందు వేయించుకోవాలి. టీకా వేసినట్టు ఇచ్చే పసుపు కార్డు లేకుండా అక్కడి నుంచి మన దేశంలో దిగితే ఆరు రోజుల దాకా క్వారంటైన్‌లో ఉంచుతారు. మిగతా జ్వరాలకి డాక్టరుని అడగండి. గలీబీ అనే సముద్ర తీరం దగ్గర పెద్ద తాబేళ్లని చూడాలని మాత్రం ఆశపెట్టుకోవద్దు, అవి ఎక్కువగా గుడ్లు పెట్టేది ఏప్రిల్ నుంచి జులై లోపు.

వంశధార ఒడ్డు:
బాబూ, నేను అక్కడికి వెళ్లలేదు, కానీ ఒక్క మాట. దారిలో బ్రోకోపోండో చెరువు తగులుతుంది. 1964లో అఫోబాకా డ్యామ్ కట్టి అల్యూమినియం ఫ్యాక్టరీకి కరెంటు తీయడానికి అడవినీ ఊళ్లనీ ముంచేశారు, వేల మంది కదలాల్సొచ్చింది. ఎండిన చెట్ల మోళ్లు ఇప్పటికీ నీళ్లలో నిలబడి ఉన్నాయట. మా ఊరు కూడా రిజర్వాయరు ముంపులో పోయింది. మా నాన్న పోయేదాకా ఏటా నీళ్లు తగ్గినప్పుడు వెళ్లి రావిచెట్టు మోడు దగ్గర కూర్చొని వచ్చేవారు. అక్కడ ఎవరైనా ముసలివాళ్లు కనిపిస్తే పాత ఊరు గురించి అడుగు.

రాజాం కుర్రాడు:
అడుగుతాను బాబాయ్, తప్పకుండా. ఊళ్లో నాలుగు రోజులు అనుకున్నది రెండు చేశాం, నదికి ఐదు రాత్రులు. టీకా కోసం వచ్చే వారం విశాఖ వెళ్తున్నాం. అక్కా, ఆ పడవలు అట్జోనిలో అప్పటికప్పుడు దొరుకుతాయా, ముందే బేరం కుదుర్చుకోవాలా?

విజయనగరం అమ్మాయి, ఆమ్‌స్టర్‌డామ్:
రోజూ ప్రయాణికుల పడవలు వెళ్తాయి, పొద్దున్నే చేరుకోండి. బస మాత్రం ముందే మాట్లాడుకోండి, ఆ బసవాళ్లే పడవ పంపిస్తారు. బ్యాగులకి పెద్ద ప్లాస్టిక్ కవర్లు తెచ్చుకోండి, నా ఫోను తడిసిపోయింది.