బొంతకాకి ఒళ్లంతా నలుపే, ఎందుకు?

ప్రశ్న: బొంతకాకికి ముక్కు, కాళ్లు, ఈకలు అన్నీ నలుపే కదా. చార, మచ్చ లేకుండా ఒకటే రంగు ఎలా వస్తుందండీ? మొక్కల్లో కూడా ఇలా ఉంటాయా?

జవాబు 1: రంగు కణాలు ఒక్కోచోట ఒక్కోలా పనిచేస్తే చారలు, మచ్చలు వస్తాయి, అన్నిచోట్లా ఒకేలా పనిచేస్తే ఒకటే రంగు. కాకిలో మెలనిన్ అనే నల్లరంగు పదార్థం దట్టంగా ఉంటుంది, దానివల్ల ఈకలు గట్టిపడి త్వరగా అరగవు కూడా. ఎండలో దగ్గర్నుంచి చూడండి, నలుపు మీద నీలం మెరుపు ఎంత బాగుంటుందో!

జవాబు 2: ధ్రువపు ఎలుగుబంటి సంగతి వేరు. వెంట్రుకల్లో అసలు రంగే లేదు, కాంతి చెదరడం వల్ల తెల్లగా కనిపిస్తాయి, కింద చర్మం నలుపు.

జవాబు 3: మొక్కల్లో మోనోట్రోపా యూనిఫ్లోరా ఉంది, కాడ నుంచి పువ్వు దాకా తెలుపే. పత్రహరితం లేదు, చెట్ల వేళ్లతో కలిసి బతికే శిలీంధ్రాల నుంచి ఆహారం లాక్కుంటుంది. తెల్లటి పుట్టగొడుగులతో మాత్రం జాగ్రత్త, అమానిటా విరోసా మచ్చలేని తెలుపే, కానీ తింటే కాలేయం పాడై ప్రాణం పోవచ్చు.